నీళ్లత్త గొంతు

మా అత్తకు మెల్లగా మాట్లాడటం రాదు. పెళ్లయిన కొత్తలో ఆవిడ "ఉప్పు డబ్బా ఇటివ్వు" అంటే తిడుతోందనుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆ గొంతే మా ఇంటిని నిలబెట్టిందని తర్వాత తెలిసింది. పంతొమ్మిదేళ్లుగా ఊరికి నీళ్లు వదిలే పని ఆవిడది. తెల్లారకముందే వాల్వు తిప్పే ఛాతీ ఎత్తు ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని బయల్దేరుతుంది. రోడ్డు మీది మూత జరిపి, గుంటలోకి తాళం దించి, వాల్వు తిప్పుతుంది. ఆపైన "నీళ్లొస్తున్నాయ్, లేవండమ్మా" అని వీధి పొడుగునా అరుచుకుంటూ నడుస్తుంది. రోజు విడిచి రోజు, వీధికి ముప్పావుగంట. ట్యాంకు ఎప్పుడు నిండితే అప్పుడే నీళ్లు కాబట్టి ఏ వీధికైనా ఇదీ అని వేళుండదు. అందరూ ఆవిడని నీళ్లత్త అంటారు. నేను నీళ్లత్త కోడల్ని. నాకో సొంత పేరుందని బ్యాంకు వాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఊరి పైభాగంలో అపార్ట్‌మెంట్లు లేచాక కథ మారింది. అక్కడి వాళ్లు అర్ధరాత్రి దాకా కంప్యూటర్ల ముందు పనిచేసి పొద్దెక్కాక లేస్తారు. వాళ్ల నీళ్లు వాటంతటవే సంపుల్లో నిండుతాయి. అరుపు వాళ్లకు అనవసరం, పైగా నిద్ర చెడుతుంది. ఫిర్యాదులు పడ్డాయి. నీళ్ల ఆఫీసు ఇంజనీరు వాట్సాప్ గ్రూపు పెట్టించి, అత్త చేతిలో ఒక ఫోను ఉంచాడు.

"ఇక అరవక్కర్లేదమ్మా. వాల్వు తిప్పగానే వీధి పేరు నొక్కండి చాలు. అందరికీ వెళ్లిపోతుంది."

ఫోను మీద నాకు కక్షేమీ లేదు. నా కుట్టుపని సగం దాని మీదే వస్తుంది. కొలతలు, రంగులు, బేరాలు, అలకలు, అన్నీ అందులోనే. అత్త కూడా వారంలో నేర్చేసుకుంది. ఆ నెలలోనే ఆవిడ కాంట్రాక్టు మళ్లీ రాయాలి. అందుకని నోరు మూసుకుని వేలితో నొక్కింది.

కింది వీధిలో ఇరవై ఏడు ఇళ్లు. మగవాళ్లందరూ కూరగాయల మార్కెట్లో మూటలు దించుతారు. నాలుగున్నరకల్లా అక్కడుండాలి. ఇంటికి ఒకటే ఫోను, అది మగాడి జేబులోనే ఉంటుంది. నీళ్లేమో కింది వీధికి వచ్చాయి, కబురేమో మార్కెట్‌కు వెళ్లింది. చూసిన మొగుడు ఇంటికి చెబుదామన్నా, ఇంట్లో ఇంకో ఫోను ఉంటే కదా.

అలా రెండు వంతులు తప్పిపోయాయి. మూడోనాడు ఒక బాలింత ఖాళీ బిందెతో అత్తకు ఎదురొచ్చింది.

"ఏంటత్తా, గొంతు పోయిందా? పసిదాని బట్టలు నాలుగు రోజులుగా అలాగే ఉన్నాయి."

అత్తకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

తర్వాతి వంతుకు మళ్లీ అరిచింది. ఈసారి పైవీధి నుంచి కింది వీధి దాకా, రెండు రోజుల బాకీ కూడా కలిపి అరిచినట్టుంది. ఎవరో బాల్కనీలోంచి వీడియో తీసి గ్రూపులో పెట్టారు. కింద నవ్వే బొమ్మలు, మధ్యమధ్యలో కోపం బొమ్మలు. నాకు ఒళ్లు మండింది.

ఇంజనీరు పిలిపిస్తే నేనూ వెంట వెళ్లాను. చిన్న గది, ఫైళ్ల మధ్య ఫ్యాను. మనిషి చెడ్డవాడు కాదు, తన ఫోన్ని నమ్మినంతగా మనుషుల్ని నమ్మడు, అంతే.

"చూడండమ్మా, నీలం టిక్కులు. కింది వీధిలో ఇరవై ఏడు ఇళ్లకి ఇరవై ఆరు చూసేశాయి. ఇంక నీళ్లు అందలేదంటే నేనెలా నమ్మను? గ్రూపులో క్షమాపణ చెప్పండి. లేదంటే సోమవారం తాళం అప్పగించండి."

"చెప్తాను సార్," అంది అత్త. అంత మెత్తగా మాట్లాడగలదని నాకప్పుడే తెలిసింది. "రేపు కింది వీధి వంతు. ఒక్కసారి వచ్చి నిలబడండి. మీరు చెప్పినట్టే చేస్తాను, నోరు విప్పను. చూసి, ఆ తర్వాత చెప్పమనండి."

వచ్చాడు పాపం, ఇంకా చీకటుండగానే. అత్త వాల్వు తిప్పింది, మెసేజి పెట్టింది, చేతులు కట్టుకుని నిలబడింది. గుమ్మాల ముందున్న కొళాయిలన్నీ ఒక్కసారి దగ్గి, ధార కట్టాయి. తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఇంజనీరు ఫోను చూశాడు.

"పద్దెనిమిది మంది చూశారు," అన్నాడు.

"చూస్తారు సార్. మార్కెట్లో ఉన్నారు."

ఐదు నిమిషాలు గడిచాయి. ఇరవై ఏడు కొళాయిల నీళ్లు మురుగు కాలవలో పడి పోతున్నాయి. నా నోట్లోంచి కేక వచ్చేస్తుంటే అత్త నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. టిక్కులు ఇరవై నాలుగయ్యాయి, ఒక్క బిందె బయటికి రాలేదు.

చివరికి ఇంజనీరే ఉండబట్టలేక గొంతు సవరించుకుని, "నీళ్లొస్తున్నాయండీ" అన్నాడు. ఆ కేక పక్కన నిలబడ్డ నాకే సరిగ్గా వినపడలేదు.

"కడుపులోంచి రావాలి సార్," అని అత్త తనే అందుకుంది. తలుపులు టపటపా తెరుచుకున్నాయి. బాలింత జుట్టు ముడేసుకుంటూ బిందెతో పరుగెత్తుకొచ్చింది.

ఇంజనీరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరేనమ్మా, ఈ వీధిలో అరవండి. పైన మాత్రం వద్దు. కానీ క్షమాపణ చెప్పిస్తానని గ్రూపులో మాటిచ్చాను. ఆ ఒక్కటీ చెప్పేయండి, నా పరువు నిలబెట్టండి."

"చెప్తానన్నాగా," అంటూ అత్త ఫోను నోటి దగ్గర పెట్టుకుని మైకు నొక్కి పట్టింది.

"నేను నీళ్లత్తని. సారు క్షమాపణ చెప్పమన్నారు, చెప్తున్నా. కింది వీధోళ్లూ, ఉద్యోగం పోతుందని భయపడి రెండుసార్లు నోరు మూసుకున్నా. మీ బిందెలు ఎండబెట్టా. తప్పు నాదే, క్షమించండి. ఇది మీ మగవాళ్ల జేబుల్లో మోగుద్ది కాబట్టి, అయ్యా, ఇంటికెళ్లాక ఆడవాళ్లకి వినిపించండి. పైనోళ్లకి చెప్పాల్సిందేం లేదు. నోరు మాత్రం మళ్లీ మూయను."

ఇంజనీరు కంగారుగా చెయ్యి చాపాడు. అత్త మైకు మీద నుంచి వేలు తీసేసింది.