నోరు మూసుకునే బ్రౌజరు

తట్ట కొనేటప్పుడు మా వాళ్లు దాన్ని బోర్లించి అడుగు చూస్తారు. కత్తి కొనేటప్పుడు గోటి మీద గీసి పదును చూస్తారు. ఫోనులో బ్రౌజరును మాత్రం ఎవరూ చూడరు. అమ్మినవాడు ఏది పెట్టి ఇస్తే అది, అందులో ఏది కనిపిస్తే అదే లోకం. నేనూ రెండేళ్లు అలాగే వాడాను. దానివల్ల నాకు జరిగిన మర్యాద ఏమిటో చెబుతాను.

నాకు అక్షరాలు వచ్చింది నలభై తొమ్మిదో ఏట. మా ఊరు అల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున. తుపాను వస్తే తలదాచుకోవడానికి కట్టిన షెల్టరు ఒకటి ఉంది. తుపాను లేని రోజుల్లో అది మేకలకూ పేకాటకూ పనికొస్తుంది. ఒక ఏడాది దాని వరండాలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పారు. పదిహేడు మందిమి చేరాం, ఆఖరికి నలుగురం మిగిలాం. మానేసిన వాళ్లకు బుద్ధి లేదని అప్పుడు అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను గానీ, మానని మాకు ఎంత బుద్ధి వచ్చిందో మీరే చూడండి.

నేను సొంతంగా చదివిన మొదటి మాట బస్సు నుదుటి మీది ఊరి పేరు. ఆ తర్వాత కనిపించిందల్లా చదివాను. మందు బిళ్లల అట్టలు, పెళ్లి కార్డులు, రేషను షాపు నోటీసు, సిమెంటు బస్తా. అచ్చులో ఉన్నది అబద్ధం కాదని నాకు గట్టి నమ్మకం. నోటితో ఎవడైనా ఏదైనా అంటాడు. అచ్చు వేయాలంటే మాత్రం ఒకడు కూర్చుని అక్షరాలు పేర్చాలి, తప్పులు దిద్దాలి. అబద్ధానికి అంత శ్రమ ఎవడు పడతాడు? ఆలస్యంగా చదువుకున్న వాళ్ల రోగం ఇది. చిన్నప్పుడే చదువుకున్న వాళ్లకు ఈ రోగం రాదు, వాళ్లు అసలు చదవరు కాబట్టి.

మా పని చేపలు ఎండబెట్టడం. బోట్లు తెచ్చిన నెత్తళ్లను ఇసుక దిబ్బ మీద, పాత వలలు పరిచి ఆరబోస్తాం. తొమ్మిది మంది ఆడవాళ్లం, ఒకటే దిబ్బ. రెండు రోజులు మంచి ఎండ కాస్తే చేప గలగలలాడుతుంది. నడుమ వాన పడితే పోయినట్టే. వాన వస్తుందని భయపడి పచ్చి చేపను కుప్ప పోసి కప్పినా పోయినట్టే, కుప్పలో వేడి పుట్టి మెత్తబడుతుంది. అందుకే దిబ్బ మీద రోజూ ఒకటే ప్రశ్న, ఎత్తాలా, ఉంచాలా?

దానికి జవాబు మా వదిన చెప్పేది. మా ఆయనకు అక్క. ఒక్క అక్షరం రాదు. కొంగు ఎటు ఎగురుతోందో చూస్తుంది, కాకులు ఎక్కడ వాలాయో చూస్తుంది, "ఉండనీండి" అంటుంది. లేదంటే ఏమీ అనకుండా లేచి నిలబడుతుంది. ఆమె లేస్తే అందరూ లేస్తారు. కోవూరులో ఉన్న నా కోడలు నాకు ఫోను కొనిపెట్టాక ఆ జవాబు చెప్పే పని నాకొచ్చింది. దానంతట అది రాలేదు, నేనే లాక్కున్నాను. పొద్దున్నే బ్రౌజరు తెరిచి, అందులో వాన కబురు ఏముందో గట్టిగా చదివేదాన్ని. మొదట్లో నవ్వారు. తర్వాత అడగడం మొదలుపెట్టారు. "ఏందక్కా, నీ ఫోను ఏమంటా ఉండాది?" అని ఒకామె అడిగిన రోజు నేను అన్నం సరిగా తినలేదు, అంత సంతోషం.

దసరా వెళ్లిన వారం. ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. బ్రౌజరు తెరిచాను. నేను ఏదీ అడగకముందే అది వరసగా బొమ్మలు పరుస్తుంది. సినిమావాళ్ల గొడవలు, పొట్ట కరిగించే ఆకులు, వాటి నడుమ వార్తలు. ఆ వరసలో లావు అక్షరాలతో ఉంది, నెల్లూరు తీరంలో మరికొన్ని గంటల్లో కుండపోత అని. టీచరమ్మ నేర్పినట్టు తడబడకుండా రెండుసార్లు గట్టిగా చదివాను.

వదిన ఆకాశం చూసి నన్ను చూసింది. "ఏ గంటల్లోమే? పడమటి గాలి కొడతా ఉండాది. నెత్తి మాడిపోతా ఉండాది."

"అచ్చులో ఉండాది వదినా. నేను చెప్పేది కాదు."

"అచ్చుకు చెమట పడతాదా?"

ఎవరో నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఎత్తండి ఎత్తండి అని నేనే ముందు నడుం వంచాను. గంటలో దిబ్బంతా ఊడ్చేశాం. పచ్చి చేపలు పాకలో కుప్పపోసి పట్టాలు కప్పి, ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాం. ఆ రోజు చినుకు లేదు. మర్నాడు తెరిస్తే అదే బొమ్మ, అవే గంటలు. ఇంకా వస్తుందన్నాను. మూడో రోజు పట్టా ఎత్తితే కంపు వీధి దాకా పోయింది. మొత్తం కోళ్ల దాణాకు వెళ్లింది.

"సదువులమ్మా," అంది మాలో అందరికంటే నోరున్నది, పక్కింటామె, "వాన మాకు తెలీకుండా వచ్చి పోయినాదా ఏంది?"

ఆ సాయంత్రం కోడలికి ఫోను చేసి చెప్పుకున్నాను. "దాని కింద తేదీ ఉంటాది సూడత్తా," అంది. చూశాను. లావు అక్షరాల అడుగున, చీమ తలంత, బూడిద రంగులో ఉంది. నాలుగేళ్ల కిందటిది. ఆ వాన కురిసి, ఇంకి, ఎండిపోయి నాలుగేళ్లయింది. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే ఆ వానలో మేమంతా తడిశాం. మూడు రోజులు అదే షెల్టరులో, మేకలతో కలిసి ఉన్నాం. నేను తడిసిన వాననే నాకు మళ్లీ అంటగట్టింది ఆ బ్రౌజరు.

"నువ్వు రోజూ వాన వార్తల మీదనే నొక్కతావు గదత్తా. అందుకని నీకు నచ్చుతాదని ఏరి తెచ్చి పెడతాది," అంది కోడలు.

నాకు నచ్చుతుందట! పాత చేపను కొత్త చేపగా అమ్మేవాడు కనీసం మొప్పలకు ఎరుపు పూస్తాడు. ఇది ఆ కష్టం కూడా పడలేదు.

మర్నాటి నుంచి దిబ్బ మీద నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మళ్లీ వదిన కొంగు వంకే చూశారు. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నలభై తొమ్మిదేళ్లు నోరు మూసుకుని బతికి, మూడేళ్లు నోరు తెరిచాను. మళ్లీ మూసుకోవడం నావల్ల కాదు. నేను చదివిన మాట ఆ దిబ్బ మీద మళ్లీ ఒక్కసారి చెల్లాలి. అంతకంటే నాకు వేరే కోరిక లేదు.

నేరం అక్షరానిది కాదు, దాన్ని మోసుకొచ్చే దానిది. బ్రౌజరు మార్చాలనుకుని అల్లూరులో ఫోను కొన్న కొట్టుకే వెళ్లాను. "ఏదైనా ఒకటేనమ్మా, అన్నీ ఒక కాడికే పోతాయి," అన్నాడు కొట్టాయన, తన ఫోను నుంచి తల ఎత్తకుండా.

"బస్సులన్నీ నెల్లూరికే పోతాయి నాయనా. బ్రేకుల్లేని దాంట్లో ఎక్కతావా?"

"నువ్వు సూసేది వానే గదమ్మా. దానికింత ఇదెందుకు?"

"నేను సూసేది వానే. నువ్వు సూసేది ఏంది?"

ఆయన చేతిలోని ఫోను బోర్లించి బల్ల మీద పెట్టాడు. నేను వచ్చేశాను.

తర్వాతి ఆదివారం కోడలు వచ్చి మూడు బ్రౌజర్లు ఎక్కించింది. వాటి పేర్లు నాకు అక్కర్లేదు, బొమ్మలతో గుర్తుపెట్టుకున్నాను. రాకెట్టు బొమ్మది చాలా వేగం అన్నారు. నిజమే, చెత్తను కూడా వేగంగానే తెచ్చింది. నేను తలుపు తీశానంతే, ఇల్లంతా జొరబడ్డారు. ఎవరో నటి విడాకులు, మోకాళ్ల నూనె, బహుమతి గెలిచావన్న గంట. అరనిమిషంలో తీసేయించాను.

గొడుగు బొమ్మది చూడ్డానికి మర్యాదస్తురాలు. కానీ తెరిచిన ప్రతిసారీ ఒకటే పాట, నన్నే నీ సొంత బ్రౌజరుగా పెట్టుకో అని. వద్దంటే తర్వాత అడుగుతానంటుంది. మా ఆయన కూడా పెద్దమనుషుల చేత ఒక్కసారే అడిగించాడు. పైగా అక్షరాలు పెద్దవి చేస్తే వాక్యం సగం తెర బయటికి పోతుంది. సగం చదివి నేను ఇప్పటికే ఒకసారి చచ్చాను. అదీ పోయింది.

మూడోది, పిట్ట బొమ్మది, తెరిస్తే తెల్లగా ఉంది. పైన అడగడానికి ఒక గడి, అంతే. పని చేయడం లేదేమో అనుకున్నాను. చేస్తోంది. అడిగితే తెస్తుంది, అడక్కపోతే ఊరుకుంటుంది. అక్షరాలు ఎంత పెంచినా లోపలికే మడుచుకుంటాయి. మూసేస్తే నేను ఎక్కడికి వెళ్లానో మరిచిపోతుంది.

"ఇది ఏదీ గుర్తు పెట్టుకోదత్తా," అంది కోడలు, "ప్రతిసారీ మళ్లీ టైపు చేసుకోవాల. విసుగు పుడతాది."

"చేసుకుంటా. అక్షరాలు నేర్చుకునింది దాచిపెట్టుకునే దానికా?"

అదేమీ దేవత కాదు. మా సిగ్నలుకు అది కూడా ఆవలిస్తూనే ఉంటుంది. కానీ నోరు మూసుకోవడం తెలిసినది అదొక్కటే. మాట్లాడేవాటిని తీసేయించి దాన్ని ఉంచాను. రోజూ పొద్దున్నే వాతావరణ ఆఫీసు పేజీ పేరు నా వేలితో కొట్టుకుంటాను. పేజీ రాగానే ముందు తేదీ, తర్వాత వేళ, ఆ తర్వాతే కబురు. నాలో నేనే చదువుకుంటాను, ఎవరూ అడగడం లేదు కాబట్టి.

రెండు వారాలకు ఒక పొద్దున పేజీలో ఉంది, మధ్యాహ్నం తర్వాత మా తీరానికి ఉరుములతో వాన అని. తేదీ ఆ రోజుదే. ఎండ మంచిగానే ఉంది. దిబ్బ మీద ఒక రోజు ఎండిన చేప. వదిన కూర్చునే ఉంది. నేను లేచి నా వల మీది చేపలు తట్టలోకి ఎత్తడం మొదలుపెట్టాను.

"ఏందక్కా," అంది పక్కింటామె, "ఇది ఏ సంవత్సరం వాన?"

అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు. తట్ట నింపుతూనే ఉన్నాను. ఈసారి వాన రాకపోతే ఇక నేను దిబ్బ మార్చుకోవాల్సిందే.

"మే," అని పిలిచింది వదిన. "తేదీ సూసినావా?"

"సూసినా. ఈ పొద్దుటిదే."

"ఎవురు చెప్పినారు?"

"వాతావరణం ఆఫీసోళ్లు."

"నువ్వు పోయి అడిగినావా, అదే వచ్చి చెప్పినాదా?"

అక్షరం రాని మనిషి ఆ ప్రశ్న అడిగింది. రెండేళ్లు ఫోను పట్టుకు తిరిగిన నాకు ఆ ప్రశ్న ఒక్కసారి తట్టలేదు. "నేనే పోయి అడిగినా వదినా," అన్నాను.

ఆమె కొంగు చూసుకుంది. గాలి ఆగిపోయి ఉంది. లేచి నిలబడింది. "కుప్ప పొయ్యొద్దు ఈసారి," అంది. "షెల్టరు మేడ గదిలోకి మొయ్యండి, పల్చగా పరవండి. వాన రాకపోతే రేపు దించుకుందాం."

ఎనిమిది మందిమి మోశాం. పక్కింటామె మాత్రం ఇంకో చుట్టు ఎండ తగలనీ అని కూర్చుంది. రెండు దాటాక వాన వచ్చింది. కుండపోత ఏమీ కాదు, కానీ చేపను చెడగొట్టడానికి కుండపోత అవసరం లేదు. ఆమె ఒక్కతే తట్ట నెత్తిన పెట్టుకుని, కొంగు కప్పి, షెల్టరు మెట్లు ఎక్కి వచ్చింది. తట్టలోంచి నీళ్లు ఆమె మెడ మీదికి కారుతున్నాయి.

పొద్దుటి నుంచి దాచుకున్న మాట నా నోటి దాకా వచ్చింది. ఆపుకోలేదు.

"పొద్దున అడిగినావు గదా. ఈ సంవత్సరందే."

"చాల్లే మే," అంది వదిన, నా వంక చూడకుండానే. "ఆమె చేపలు కూడా పరువు. నీ పక్కన చోటుండాది."

పరిచాను. పరుస్తుండగా వదిన కిటికీలోంచి సముద్రం చూసి, మామూలుగా, అందరికీ వినపడేటట్టు అడిగింది.

"రేపేమంటా ఉండాది?"

చెయ్యి తుడుచుకుని ఫోను తీశాను. తెల్లటి తెర. నా వేలితో ఒక్కొక్క అక్షరం కొట్టడం మొదలుపెట్టాను. తొందరపెట్టకుండా మిగతా ఎనిమిది మందీ నా వేలి వంకే చూస్తున్నారు.