బెడ్డలు లేని బియ్యం

మా అక్కయ్య పోయింది. సొంత అక్క కాదు, మా బావగారి భార్య, నా పెద్ద తోడికోడలు. వినాయక చవితి వెళ్లాక బాపట్లలో ఆడపడుచును చూడటానికని వెళ్లి, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. తెనాలిలో ఫోనెత్తింది నేనే. అవతల ఆడపడుచు ఏడుస్తూ చెబుతూనే ఉంది, నా బుర్రలో మాత్రం ఒకటే మాట గిర్రున తిరిగింది: దసరా వచ్చేస్తోంది, ఇక నేనేం చెయ్యాలి? మనిషి పోతే పండగ గుర్తొచ్చిందేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి.

నాకు పండగలంటే భయం. బడికి సెలవులిస్తున్నారని వినగానే గుండెదడ మొదలవుతుంది. బాపట్ల నుంచి పెద్దాడపడుచు, రేపల్లె నుంచి చిన్నాడపడుచు పిల్లాజెల్లాతో దిగుతారు. అందరూ మంచివాళ్లే. చిక్కంతా అక్కడే, ఎవరి మీదా కోప్పడటానికి లేదు. పాలు విరుగుతాయేమో, గారెలు గట్టిపడతాయేమో, ఎవరికైనా పెట్టడం మరిచిపోతానేమో. నలుగురూ నవ్వుతుంటే నాకు ఊపిరి అందదు, చేతులు వణుకుతాయి. డాక్టరు మాత్రలిచ్చాడు. వాటితో నిద్ర వచ్చింది గానీ ధైర్యం రాలేదు.

కాపురానికొచ్చిన మొదటి దసరాకి, నిండిన హాల్లో గారెల పిండి గిన్నె జారవిడిచాను. అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. అక్కయ్య వెంటనే గొంతు పెంచింది.

"అమ్మాయ్, ఈ బియ్యం చూశావా? నిండా బెడ్డలే! ఆ పిండి సంగతి నేను చూస్తాలే. పెరటి వసారాలో కూర్చుని ఇవి ఏరిపెట్టు."

చేట నా చేతిలో పెట్టింది. "దాన్నెవరూ కదిలించకండి, పన్ను విరిగితే మళ్లీ నన్నే అంటారు" అని పిల్లల్ని కూడా అటు రానివ్వలేదు.

ఎంతసేపు వెతికినా ఒక్క మట్టిబెడ్డ దొరకలేదు. లేచి వెళ్లి ఆ మాటే చెబితే, నా చేతుల వంక చూసింది. "ఇంకా వణుకుతున్నాయిగా వేళ్లు. ఇంకా చూడు, ఉంటాయి" అంది నెమ్మదిగా.

ఆ తర్వాత ప్రతి దసరాకీ ఇదే తంతు. సంచుల్లో శుభ్రమైన బియ్యం వస్తున్న కాలంలో కూడా మా ఇంట్లో బెడ్డలు తగ్గలేదు. రేపల్లె ఆడపడుచు ఒకసారి అడిగేసింది, "ఏంటొదినా, ఇంకా బెడ్డలేంటి మీకు?" అని. "మా కొట్టువాడు అట్టాంటివే ఇస్తాడమ్మా" అంది అక్కయ్య. పాపం, నన్ను కాపాడటానికి ఏళ్ల తరబడి ఆ కొట్టువాడి పరువు తీసింది.

పండగరోజుల్లో ఆమె కూర్చోవడం నేను చూడలేదు. కాఫీ కూడా గుమ్మం దగ్గర నిలబడే తాగేది. "పండగ బాగా జరగక్కర్లేదే, జరిగిపోతే చాలు" అనేది. "వచ్చినవాళ్లు తింటారు, పడుకుంటారు, బస్సెక్కుతారు. ఎవరైనా ఇక్కడే ఉండిపోయారా ఎప్పుడైనా?" అని నవ్వించేది. ఈ మనిషికి భయమంటే తెలియదనుకునేదాన్ని.

పెద్దకర్మకి మళ్లీ ఆ జనమే వచ్చారు. అవే గొంతులు, అవే చెప్పుల గుట్టలు. నాకు ఊపిరి ఆడలేదు. చేట వంటింటి గోడకి వేలాడుతూనే ఉంది. తీసుకెళ్లి కూర్చోవచ్చు, కానీ వెళ్లమని చెప్పే మనిషి లేకుండా ఏ వంకతో వెళ్లను? గోడ పట్టుకుని నిలబడిపోయాను. "తోడికోడలి కోసం ఎంత కుమిలిపోతోందో చూడండి" అన్నారెవరో.

దసరా వచ్చింది. ఇంట్లో మనిషి పోయిన ఏడాది మాకు పండగ లేదు, పొయ్యి మీద మూకుడు పెట్టకూడదు. పక్కింటివాళ్లే గారెలు, పరమాన్నం తెచ్చిచ్చి వెళ్లారు. ఆడపడుచులు రాలేదు. పండగ రాకుండా ఉంటే బాగుండునని ఎన్నేళ్లు మొక్కుకున్నానో! ఇలా తీరాలా ఆ మొక్కు? వంట లేదు, జనం లేరు, ఇల్లంతా ఖాళీ. అయినా దడ మాత్రం ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటికన్నా గట్టిగా వచ్చింది. ఇక బతకననిపించింది. వసారాలో కూలబడి "అక్కయ్యా" అని పైకే అరిచాను.

బావగారు వచ్చారు. నాతో ఎన్నడూ నాలుగు మాటలు మాట్లాడి ఎరగని మనిషి. నా వంక చూసి, లోపలికి వెళ్లి, చేటలో బియ్యం పోసుకొచ్చి నా ముందు పెట్టారు.

"మీ అక్క ప్రతి పండక్కీ ముందురోజే దీంతో కూర్చునేదమ్మా, వాళ్లంతా రాకముందు."

"ఏరడానికాండి?"

"ఏరడానికి ఏముంది అందులో? తనకీ దడే. నీకు చెప్పొద్దంది. తనూ ఇంతేనని తెలిస్తే నువ్వెవర్ని చూసి నిలబడతావని."

ఆ ఇంట్లో ఇద్దరం ఒకే భయంతో ఉన్నాం, ఆమె ఒక్కతే నిలబడి ఉంది. ఆమె చేతుల వంక చూసిన వాళ్లెవరూ లేరు.

బావగారు కళ్లజోడు పెట్టుకుని చేటకి అవతలివైపు కూర్చున్నారు. ఆయన వేళ్లు నా వేళ్లకన్నా ఎక్కువ వణుకుతున్నాయి. చాలాసేపటికి తలెత్తి, "ఏమీ లేవమ్మా ఇందులో" అన్నారు.

"ఇంకా చూడండి బావగారూ" అన్నాను. "ఉంటాయి."

ఆయన తల వంచుకుని, మళ్లీ మొదటినుంచి వెతకసాగారు.