అంజలి పోస్టర్‌లో రెండో పేరు

కలైయరసన్ చనిపోయిన పదో రోజు పొద్దున, పాల ప్యాకెట్ కోసం రెడ్డియార్‌పాళయం మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళిన వసంతమ్మకు బస్టాపు వెనక గోడ మీద తన ముఖమే కనిపించింది.

పుదుచ్చేరిలో మనిషి పోతే గోడకు తెలియాలి. పోయినవాళ్ళ ఫొటో, పైన 'కన్నీటి అంజలి' అని పెద్ద అక్షరాలు, కింద ఏడుస్తున్నవాళ్ళ పేర్లు. ఆ పేర్లకు ఒక వరస ఉంటుంది. ముందు భార్య, తర్వాత కొడుకులు కోడళ్ళు, ఆ తర్వాత తోడబుట్టినవాళ్ళు. టీ తాగుతూ ఆ వరస చదివి, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పేస్తారు ఇక్కడి జనం.

ఈ పోస్టర్‌లో నడుమ కలైయరసన్. ఎడమ పక్కన ఆయన భార్య పంకజవల్లి. కుడి పక్కన, సరిగ్గా అంతే కొలతలో, చేతులు జోడించి వసంతమ్మ. ఇద్దరి ఫొటోల కిందా పేర్లు. 'నిన్ను మరువలేక' అని ఒక్క ముక్క. కొడుకుల పేర్లు లేవు, తమ్ముళ్ళ పేర్లు లేవు. అడుగున 'ఇట్లు, వార్డు ప్రజలు'.

ఒక్క బూతు మాట లేదు. ఒక్క అబద్ధపు వాక్యం లేదు. ఇద్దరు ఆడవాళ్ళను ఒక మగవాడికి చెరో పక్కన నిలబెట్టారు, అంతే. మిగతాది చదివేవాళ్ళే పూరించుకుంటారు.

"ఏందక్కా, ఇన్నేళ్ళూ మాకు చెప్పనే లేదే," అన్నాడు టీ కొట్టు బెంచీ మీద నుంచి ఒకడు. పక్కవాడు గ్లాసు వెనక నవ్వు దాచుకున్నాడు.

ఆమె పాల ప్యాకెట్ కొనకుండానే పోలీస్ స్టేషన్‌కు నడిచింది. అక్కడి అధికారి ఫోన్‌లో ఆ పోస్టర్ ఫొటోను అటూ ఇటూ జరిపి చూశాడు. "అంజలి పోస్టరమ్మా ఇది. నిన్ను తిట్టింది యాడ? ఆయన పోయినందుకు నీకు దుఃఖం లేదా ఏంది? లేదంటే రాసియ్యి, కంప్లయింట్ తీసుకుంటా."

లేదని ఎలా రాస్తుంది?

వసంతమ్మకు యాభై రెండేళ్ళు. తండ్రి మిల్లు కార్మికుడు. మిల్లు మూతబడ్డాక ఇంట్లో మిగిలిన ఒక్క ఆస్తి కుట్టు మిషను. దాని మీదే రవికలు కుడుతూ పెరిగింది, పెళ్ళయ్యాకా కుడుతూనే ఉంది. భర్త శివరామన్ టౌన్ బస్సు డ్రైవరు. వాళ్ళ వీధి కొళాయిలో ఒక వేసవి అంతా తుప్పునీళ్ళు వచ్చాయి. పక్కింటివాళ్ళు మునిసిపాలిటీని తిట్టుకుని ఊరుకున్నారు. ఆమె ఆ నీళ్ళను సీసాలో పట్టుకుని తాలూకా ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ రేకుల పంచ కింద చెక్కబల్ల వేసుకుని అర్జీలు రాసే మనిషి కలైయరసన్. ఆ సీసాను వెలుతురుకు పట్టి చూసి, "ఇదొక్కటి చాలదమ్మా. నీ వీధిలో ఎన్ని కొళాయిలుంటే అన్ని సీసాలు తీసుకురా," అన్నాడు.

మర్నాడు ఆమె ఇరవై మూడు సీసాలతో వెళ్ళింది. రాజకీయం అట్లా మొదలైంది.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆయన రాశాడు, ఆమె మోసింది. వితంతు పింఛను, ఆగిపోయిన రేషను, సోలై నగర్‌లో తుపానుకు కొట్టుకుపోయిన పడవల నష్టపరిహారం. ఇద్దరూ ఒకే పార్టీ. ఒక అర్జీకి జవాబు రాకపోతే ఆయన ఇంకో అర్జీ రాసేవాడు. రెండోదానికీ రాకపోతే ఆమె పాతిక మంది ఆడవాళ్ళను తీసుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చునేది.

ఇక వదంతి సంగతి. అది పోస్టర్‌తో పుట్టింది కాదు, పదహారేళ్ళ నాటిది. ఒక ధర్నాలో అందరినీ అరెస్టు చేసి, ఇక్కడి అలవాటు ప్రకారం, ఖాళీగా ఉన్న కల్యాణ మండపంలో సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు ఇచ్చారు. వసంతమ్మ, కలైయరసన్, ఇంకా నలభై మంది, గోడలకు ఇంకా ఊడని పాత పెళ్ళి తోరణాల కింద కూర్చుని తిన్నారు. అదే పార్టీలో, అదే వార్డులో అళగేశన్ అనే ఆయన ఉన్నాడు. ఆ రోజు ధర్నాకు రానివాడు. మర్నాడు పార్టీ ఆఫీసులో అన్నాడు: "మొగుడు బస్సు తోలతా ఉంటే, ఈమెకు మండపంలో రెండో ముహూర్తం జరిగిందంట."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అప్పట్లో అదొక్కటే దారి అనుకుంది.

ఆ తర్వాత ఆమె అరెస్టులకు వెళ్ళడం మానేసింది. జనాన్ని పోగు చేసేది, మెట్ల దాకా నడిపించేది, పోలీసు వ్యాను రాగానే పక్కకు తప్పుకునేది. పార్టీలో పదవి పంచేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న 'ఎన్నిసార్లు అరెస్టయ్యావు?' మహిళా విభాగం కార్యదర్శి పదవి ఆమె కళ్ళ ముందే ఇంకొకరికి పోయింది. కారైక్కాల్ సభలో మాట్లాడమన్నారు. వ్యానులో తనొక్కతే ఆడమనిషి అని తెలిసి కడుపునొప్పి అంది. కలైయరసన్ బండి వెనక సీటు మీద పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదు. ఆయన బండి మీద పోయి కలెక్టరాఫీసు ముందు నిలబడితే, ఆమె రెండు బస్సులు మారి చేరేది. ఇంటికి ఆయన వస్తే వీధి తలుపు బార్లా తెరిచి, పక్కింటి అత్తను పిలిచి కూర్చోబెట్టి, అప్పుడు మాట్లాడేది.

ఈ జాగ్రత్తలన్నీ ఎవరు నేర్పారు ఆమెకు? ఎవరూ నేర్పలేదు. రాజకీయాల్లో కాలుపెట్టిన ప్రతి ఆడదీ తనంతట తనే నేర్చుకునే పాఠం ఇది. అదే అళగేశన్‌కు విల్లియనూరులో చిన్నిల్లు ఉందని వార్డంతటికీ తెలుసు. దాన్ని ఏ గోడా అడగలేదు. అది ఆయన హోదాలో భాగమైపోయింది. ఆమె మాత్రం, చేయని తప్పుకు జరిమానాగా ఒక్కొక్క పదవినీ, ఒక్కొక్క వేదికనూ తన చేత్తోనే వదులుకుంటూ వచ్చింది.

ఆఖరికి ఆయన కదిర్కామం పెద్దాసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా ఆమె లోపలికి వెళ్ళలేదు. మూడు రోజులు ఎదురుగా బస్టాపులో నిలబడి, వచ్చేపోయేవాళ్ళను అడిగి తెలుసుకుంది. పోయాక అందరూ పోస్టర్లు వేశారు. ఆమె వేయలేదు. పాత వదంతిని గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఆమె బదులు వేశారు.

ఎందుకు ఇప్పుడే? ఏళ్ళ తరబడి జరగని మునిసిపల్ ఎన్నికలకు తేదీలు వచ్చాయి. ఆ వార్డును ఆడవాళ్ళకు కేటాయించారు. టికెట్ వసంతమ్మదే అని పార్టీలో అందరూ అనుకున్నారు. అళగేశన్ మాత్రం తన భార్య కవిప్రియ పేరు రాసిచ్చాడు. కవిప్రియ ఒక్క మీటింగుకు వచ్చింది లేదు, ఒక్క అర్జీ మోసింది లేదు. పాపం, ఆమెను తప్పుపట్టి లాభమేముంది? ఆమెను అడిగి రాశాడో లేదో కూడా ఎవరికీ తెలియదు.

పన్నెండో రోజు, టికెట్లు తేల్చే టౌన్ కార్యదర్శి అరుణాచలం వసంతమ్మను పిలిపించాడు. మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు.

"ఏమ్మా, నువ్వు ఎట్టాంటిదానివో నాకు తెలవదా? ఆ ఎదవ పని ఎవరు చేసినాడో కూడా తెలుసు. అయితే ఎలక్షన్ అంటే మన మనసాక్షి కాదు కదా, జనం నోరు."

"అయితే ఆయన్ని పిలిచి అడగండన్నా."

"అడిగితే పార్టీ రెండవుతుంది. దానికంటే సులువు దారి ఉండాది." ఒక కాగితం ముందుకు జరిపాడు. "దీనిమీద సంతకం పెట్టు. పేపరుకు ఇస్తాం. మరి పదహారో దినం కర్మకు పోవద్దు. టికెట్ నీదే."

తమిళంలో టైపు చేసిన నాలుగు వరసలు. 'కలైయరసన్‌తో నాకు రాజకీయంగా గానీ, వ్యక్తిగతంగా గానీ ఎలాంటి సంబంధమూ లేదు. నా పేరును దుర్వినియోగం చేశారు.'

"రాజకీయంగా కూడా లేదా అన్నా?"

"అదొక మాట, అంతే. రాస్తే పోయేదేముంది? పోయినోడు వచ్చి అడగబోతాడా?"

"సాయంత్రం చెప్తా," అంది.

"పదహారో దినం సాయంత్రం దాకా టైముంది. నిదానంగా ఆలోచించు."

ఇంటికి వచ్చి ఆ కాగితం కుట్టు మిషను మీద పెట్టింది. డ్యూటీ దిగి వచ్చిన శివరామన్ భోజనానికి కూర్చుంటూ చదివాడు.

"బస్సులో ఏమన్నా అన్నారా మామా?" అని అడిగింది.

"అంటారు. లాస్‌పేట స్టాపులో ఒకడు ఎక్కి, 'డ్రైవరన్నా, పోస్టర్ చూసినా, నీ ఫొటో లేదే,' అన్నాడు."

"మీరేమన్నారు?"

"దిగమన్నా. తరవాత స్టాపు దాకా నడిచి పోయినాడు." అన్నం కలుపుకున్నాడు. "నన్ను అడక్కు వసంతా. పెట్టినా ఇంట్లోనే ఉంటా, పెట్టకపోయినా ఇంట్లోనే ఉంటా. అయితే ఆ ఇరవై మూడు సీసాలు నా బస్సులోనే ఎక్కించినావు. సంబంధం లేదంటే నాకే నవ్వొస్తాది."

పదహారో రోజు పొద్దున ఆమె ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని పంకజవల్లి ఇంటికి బయలుదేరింది. తన పేరు ఎవరి పక్కన అతికించారో ఆ మనిషిని ఒక్క మాట అడగకుండా సంతకం పెట్టకూడదనుకుంది. అవతలి మనిషికీ అవమానమే కదా జరిగింది.

ఇంటి ముందు షామియానా. కూర్చున్న బంధువుల మాటలు ఆమెను చూడగానే ఆగిపోయాయి. కలైయరసన్ అక్క ఒకామె గట్టిగానే అంది: "వచ్చిందే, ఎంత ధైర్యం."

పంకజవల్లి లోపలి నుంచి వచ్చింది. పదహారు రోజుల్లో మనిషి సగమైంది.

"ఇప్పుడా వచ్చేది?" అంది.

"అక్కా, ఆ పోస్టర్ నేను..."

"పోస్టర్ మాట ఎవరడిగినారు? అది నా ఇంటి గోడ మీద కూడా అంటించినారు, నేనే చించేసినా. నేనడిగేది ఆసుపత్రి సంగతి. మూడు దినాలు ఆ మనిషి 'వసంతమ్మ యాడ, వసంతమ్మ యాడ' అంటా ఉన్నాడు. సోలై నగర్ పడవల ఫైలు నీ చేతికే ఇయ్యాలని. నువ్వేమో ఎదురుగా బస్టాపులో నిలబడినావంట. నా కొడుకు చూసి చెప్పినాడు."

"నలుగురూ ఏమన్నా అంటారని..."

"అనలేదా ఇప్పుడు? రాకపోతేనేమో అనకుండా ఉన్నారా?" అంది పంకజవల్లి. "ముప్పై ఏళ్ళు కాపురం చేసినా. నా మొగుడు ఎట్టాంటోడో నాకు గోడ చెప్పాల్నా? నువ్వు రాలేదే, అదీ నాకు అవమానం."

వసంతమ్మ సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. పంకజవల్లి చదివి, మడత మీద మడత పెట్టి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది. "నీ రాజకీయం నాకు తెలవదు. నీ ఇష్టం. అన్నం తిని పో."

ఆకు వేశారు. చూపులన్నీ తన మీదే ఉండగా వసంతమ్మ ముందు వరసలో కూర్చుని, పాయసం దాకా తిని లేచింది. వచ్చేటప్పుడు పడవల ఫైలు తెచ్చుకుంది.

సాయంత్రం అరుణాచలానికి ఆ కాగితం తిరిగి అందింది. సంతకం లేదు. దాని వెనక ఆమె చేతిరాతలో, కుదురు లేని అక్షరాల్లో, 'పద్దెనిమిదేళ్ళు కలిసి పనిచేసినాం' అని ఉంది.

"తెలివి తక్కువ పని చేసినావమ్మా," అన్నాడు ఫోన్‌లో.

"తెలివిగా ఉండి పదహారేళ్ళు చూసినా కదన్నా."

టికెట్ కవిప్రియకు వెళ్ళింది. రెడ్డియార్‌పాళయం సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. అందులో అభ్యర్థి కంటే అభ్యర్థి భర్త ముఖం పెద్దది. 'కుటుంబ గౌరవం కాపాడే వార్డు' అని నినాదం. దాన్ని చదివి కోపం రానివాళ్ళు ఇంకా ఉన్నారంటే, గోడల మీద అతికించిన రాతలను మనం ఎంత సులువుగా మింగేస్తున్నామో తెలుస్తుంది.

నామినేషన్లకు ఆఖరి రోజు వసంతమ్మ ఇండిపెండెంట్‌గా ఫారం తీసుకుని వెళ్ళింది. వెంట శివరామన్ లేడు, డ్యూటీలో ఉన్నాడు. సోలై నగర్ నుంచి పదిమంది ఆడవాళ్ళు వచ్చి బయట నిలబడ్డారు. అభ్యర్థిని ప్రతిపాదిస్తూ ఫారం మీద సంతకం పెట్టేవాళ్ళు అదే వార్డు ఓటర్లై ఉండాలి. బల్ల ముందుకు వచ్చి నిలబడింది పంకజవల్లి.

గుమాస్తా ఫారం చూశాడు, ఆమె ముఖం చూశాడు, మళ్ళీ వసంతమ్మ ముఖం చూశాడు. అతనూ ఆ వార్డువాడే, పోస్టర్ చూసినవాడే. పెదవి చివర నవ్వు అణుచుకుంటూ అడిగాడు:

"ఈమె మీకేమవుతారమ్మా?"

"ఆ గడి ఈ ఫారంలో ఉండాదా సారూ?" అంది పంకజవల్లి.

అతను కిందికి చూశాడు. "లేదు."

"మరెందుకు అడిగేది? సంతకం యాడ పెట్టాల్నో చూపియ్యి."