ఎవరి లారీ ఎక్కాలి?

మొన్న పెబ్బేరు దగ్గర పెద్దరోడ్డు మీద మా బస్సు అరగంట ఆగిపోయింది. ఎందుకా అని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, గాలిమర రెక్క ఒకదాన్ని మోసుకుంటూ, చక్రాలు లెక్కపెట్టేలోపే నా ఓపిక అయిపోయేంత పొడుగు బండి ఒకటి మలుపు తిరుగుతోంది. బస్సులో అందరూ విసుక్కున్నారు గాని నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. దిగి ఆ డ్రైవరు దగ్గరికి పోయి, ఏ కంపెనీ నాయనా, అన్నిట్లో దాన్నే ఎందుకు ఎంచుకున్నావు అని అడగాలనిపించింది. మోకాళ్ళు వద్దన్నాయి కాబట్టి ఊరుకున్నాను. మనసు మాత్రం ఎనభైలలోకి, కొత్త హెవీ లైసెన్సు జేబులో పెట్టుకుని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టూ తిరిగిన ఆ నెల రోజుల్లోకి పరుగెత్తింది.

మాది గద్వాలలో నేత ఇల్లు. తాత, నాయన, పెదనాయన అందరూ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికినవాళ్ళే. నేనూ చాలా ఏళ్ళు నేశాను, చెయ్యి బాగానే తిరిగింది, తెగిన పోగును కళ్ళు మూసుకుని ముడి వేయగలిగేవాణ్ణి. అయినా నా చూపెప్పుడూ రోడ్డు మీదే. ఒక బియ్యం మిల్లు లారీ మీద బండి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న రోజున మా నాయన ఒక గడువు పెట్టాడు. దసరాకు మగ్గానికి కొత్త అచ్చు ఎక్కి కొత్త నేత మొదలవుతుంది, ఆ లోపల నమ్మదగిన యజమాని దగ్గర పని కుదిరితే సరే, లేదంటే మారుమాట లేకుండా గుంటలో కూర్చోవాలి. నమ్మదగిన అన్న మాట ఆయన ఒత్తి పలికాడు. మా వీధిలోనే ఒకతను లారీ మీద పోయి కాలు విరగ్గొట్టుకుంటే యజమాని దవాఖాన గడప కూడా తొక్కలేదు, అది ఆయన మనసులో ఉంది.

నాకు మామూలు లారీ మీద మోజు లేదు. చుట్టూ పలకలు లేకుండా, చాప పరిచినట్టుండే చదును లారీ కావాలి. మూటలు మోసే బండి ఎవడైనా నడుపుతాడు, జూరాల ఆనకట్టకు పోయే ఇనుప దూలాలు, శ్రీశైలం దిక్కు పోయే యంత్రాలు మోసే బండి నడిపేవాడే అసలు డ్రైవరని మా ఈడు వాళ్ళలో ఒక గర్వం ఉండేది. నాకు తెలిసినంతలో అలాంటి లారీలున్నవాళ్ళు మూడు ఊళ్ళలో ముగ్గురే. వాళ్ళలో ఒకరిని ఎంచుకుంటాననుకుంటే ఒంట్లో నెత్తురు ఉరకలేసేది. వాళ్ళు నన్ను ఎంచుకోవాలి గదా అన్న ఆలోచన అప్పట్లో నా బుర్రకు తట్టనే లేదు.

మొదట వనపర్తికి పోయాను. అక్కడిది పెద్ద కంపెనీ, ఆఫీసులో బల్ల, దాని మీద టెలిఫోను, గోడకు నల్లబల్ల. లారీ కొత్తది, పైగా క్యాబిన్‌లో టేప్‌రికార్డరు. దాన్ని చూడగానే నేను సగం అమ్ముడుపోయాను, నిజం చెప్పడానికి సిగ్గెందుకు! అయితే ఆ నల్లబల్ల మీద ఏ డ్రైవరు ఎన్ని గంటలకు చేరాలో, ఎన్నింటికి చేరాడో రాసి ఉండేది, ఆలస్యమైనవాడి పేరు ఎర్ర సుద్దతో రాసేవారు. టైరు పగిలినా, వాగు పొంగినా ఎరుపు ఎరుపేనట. మేనేజరు ఆ సంగతి గొప్పగానే చెప్పాడు. నేనూ గొప్పగానే విన్నాను.

తర్వాత మా మేనమామ వెంట నాగర్‌కర్నూల్ పోయాను. అక్కడి యజమాని మేనమామకు స్నేహితుడు. మన్ననూర్ అడవి దారిన ఘాటురోడ్డు దిగే పని. చిన్నప్పటి నుంచి కలలుగన్న దారి అది. ఆయన నాకు కడుపునిండా జొన్నరొట్టె, కోడికూర పెట్టించి, మీసం దువ్వుకుంటూ, "నా కాడ ఇప్పటిదాంక ఎంత బరువేసినా కాదన్న డ్రైవర్ లేడు" అన్నాడు. బయటికొచ్చి చూస్తే ఆ లారీ వెనక ఇరుసు ఒకపక్కకు కుంగి ఉంది. మేనమామకు కోపం రాకుండా, ఆలోచించుకుని చెప్తానని తప్పించుకున్నాను.

మూడో ఆయన మా గద్వాలలోనే. అలంపూర్ దిక్కు సేద్యం చేసుకునే ఇంటివాడు, ఉన్నది ఒకే లారీ, అదీ రంగు వెలిసినది. దూరపు కొండలు నునుపన్నట్టు, ఊళ్ళో ఉన్న ఆయన్ను చివరికి పెట్టుకున్నాను. పెద్దాయన నన్ను ఏమీ అడగలేదు. రేపు పొద్దున జూరాలకు దూలాలు పోవాలి, నువ్వే కట్టు, నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటా అన్నాడు, అంతే.

హమాలీలు దూలాలు ఎక్కించి పోయారు. మోకు తీసుకుని మీది నుంచి దాటించి, లారీ అంచున కొక్కేలకు బిగించి కట్టాను. ఏ ముడి వేశాననుకున్నారు? నా చేతికి తెలిసిన ముడే, మా ఇంట్లో పోగుకు వేసే ముడి. చిన్నగా, ముచ్చటగా కుదిరింది. పెద్దాయన దూలాలను రెండు చేతులా ఊపి చూశాడు, కదల్లేదు, బండెక్కాడు. చదును లారీ స్టీరింగు మొదటిసారి నా చేతికొచ్చింది, ఆ పూట కృష్ణ గాలి తగులుతుంటే నాకంటే మొనగాడు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

ఆనకట్ట కనిపించే దిగువలో, గుంతల్లో కుదుపుకు ఒక దూలం అంచుకు జరిగింది. బండి ఆపి, ముడి వదులు చేసి, దూలాన్ని నెట్టి మళ్ళీ బిగించాలి. ముడి రాదే! బరువు గుంజేసరికి అది బిగిసి రాయిలా అయిపోయింది. గోళ్ళు విరిగాయి గాని పోచ కదల్లేదు. ఇరుకు దారిలో మా వెనక సిమెంటు లారీలు ఆగిపోయి ఒకటే హారన్లు. సిగ్గుతో చచ్చిపోయి కొడవలి అందుకున్నాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, మోకు కోస్తే తక్కిన దూలాలు నీ మీదికే వస్తాయని కొడవలి లాక్కున్నాడు. వెనకవాళ్ళ చేత వాసాలు తెప్పించి దూలాలకు ఆనించాడు. తర్వాత ఒక ఇనుప చువ్వ తీసుకుని, ఎండలో గొంతుకూర్చుని, ఆ ముడిని ఒక్కో పోచా వదులు చేయడం మొదలుపెట్టాడు. ఎంతసేపు పట్టిందో గాని వెనకవాళ్ళు హారన్లు మాని బీడీలు ముట్టించారు.

ముడి వచ్చాక నుదురు తుడుచుకుంటూ ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నీ ఒక్కనిదే తప్పు గాదు బిడ్డా. పోగుకేసే ముడి ఎన్నటికి ఊడొద్దని ఏస్తరు, మోకు ముడి మల్ల ఇప్పనీకే ఏస్తరు. నీకది తెల్వదు. నేను బరువు ఊపి సూసిన గని ముడి సూడలే. సగం తప్పు నాది."

తర్వాత అక్కడే, అందరూ చూస్తుండగానే, ఒక్క గుంజుడుకు బిగిసి ఇంకో గుంజుడుకు ఊడే ముడి నా చేత నాలుగుసార్లు వేయించాడు. బండి నన్నే నడపమన్నాడు, రేపటి నుంచి పనికి రమ్మన్నాడు.

ఇంటికొచ్చి నాయనకు అంతా చెప్పాను. ఇంకేముంది, పోయి గుంటలో కూర్చో అంటాడనుకున్నాను. ఆయన నేత ఆపి, చేతిలోని నాడె పక్కన పెట్టి, "మన ముడిని కొయ్యకుంట ఇప్పిండా?" అని అడిగాడు. అవునన్నాను. "గట్లయితే ఓపికున్నోడే. ఆయన కాడ్నే ఉండు" అన్నాడు. టేప్‌రికార్డరు మీద నాకున్న ఆశ అక్కడితో సమాప్తం. ఆనందంతో ఆ సాయంత్రమంతా నా కాలు ఒకచోట నిలవలేదు.

ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు నడిపాను. ఆయన పోయాక పెద్ద కంపెనీల్లో చేశాను, చివరికి నేనూ రెండు లారీలు కొన్నాను. ఇప్పుడు మోకుల బదులు బిగింపు పట్టీలు వచ్చాయి, బండి ఎక్కడుందో యజమాని ఇంట్లో కూర్చునే ఫోనులో చూసుకుంటున్నాడు, తేడా వస్తే డ్రైవరుకు క్షణంలో తెలియజేస్తున్నాడు. మంచిదే, కాదనను. కాని యజమానీ డ్రైవరూ ఒకే ఎండలో కూర్చునే రోజులు పోయాయి. నా లారీలు నడిపిన కుర్రాళ్ళు కూడా తప్పులు చేశారు, నేను కేకలేశాను, ఇద్దరిని మాన్పించాను. సగం తప్పు నాది అని వాళ్ళలో ఒక్కడితోనైనా అన్నానా అని ఈ మధ్య ఎంత తవ్వుకున్నా, అన్నట్టు గుర్తు రావడం లేదు.