సీతారామయ్యగారి పిల్లీ కుక్కల వాన

సీతారామయ్యగారికి ఒకటే జబ్బు. ఇంగ్లిష్ నానుడి ఏది వినబడినా, అది ఎక్కడ పుట్టిందో చెప్పందే ఊరుకోరు. పైగా ఒకరోజు చెప్పిన పుట్టుక మర్నాడు చెప్పరు. రైల్వేలో రిటైరయ్యాక రోజూ పొద్దున ఉప్పల్ బస్టాపులో కూర్చుంటున్నారు. ఎక్కాల్సిన బస్సంటూ ఆయనకేదీ లేదు.

నేనూ హరిణీ అక్కడే నాచారం బస్సెక్కుతాం. ఇద్దరిదీ ఒకటే మందుల ఫ్యాక్టరీ. ప్యాకింగ్ నుంచి క్వాలిటీ సెక్షన్‌కి మారాలని హరిణి రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లింది. పనంతా వచ్చు. ఇంగ్లిష్‌లో అడగ్గానే మాట పెగలదు. ఇక మిగిలింది ఒక్క అవకాశమే.

జూన్‌లో ఒకరోజు కుండపోత. "దీన్నే రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ అంటారు," అని మొదలెట్టారాయన. "ఎందుకో తెలుసా? లండన్‌లో ఒక దొరసాని మేడ మీద పిల్లికీ కుక్కకీ పెళ్లి చేసింది. వానకి పందిరి కూలి పెళ్లివారంతా రోడ్డున పడ్డారు."

"గిదంతా అబద్ధం సార్!" హరిణి పకపకా నవ్వింది.

"తెలుగులో అంటే చెల్లదమ్మా. ఇంగ్లిష్ మాటని ఇంగ్లిష్‌లోనే కాదనాలి. అది రూలు."

హరిణి అటూ ఇటూ చూసి, "నో," అంది. ఆ రోజుకి అంతే.

మర్నాడు కథ మారింది. వాతావరణ ఆఫీసు గుమాస్తా చినుకులు లెక్కపెట్టలేక పిల్లుల్ని లెక్కపెట్టాడట. ఇంకోరోజు అసలా నానుడి మన ఉప్పల్ స్టేడియంలోనే పుట్టిందన్నారు. ఆగస్టుకల్లా హరిణి ఇంగ్లిష్‌తో బస్టాపు దద్దరిల్లిపోయేది.

"యెస్టర్‌డే వెడ్డింగ్, టుడే క్రికెట్! విచ్ ఈజ్ ట్రూ సార్? యూ ఆర్ చీటింగ్!"

"అక్కా, ఎక్కుతవా, కొట్లాడుతవా?" అని కండక్టర్ మొత్తుకునేవాడు.

మూడోసారి ఇంటర్వ్యూలో పెద్దసారు, "ప్యాకింగ్ వాళ్లకి క్వాలిటీ గురించి ఏం తెలుసు?" అని ఇంగ్లిష్‌లో అన్నాడట. "నో సార్!" అని హరిణి అందుకుంది. పావుగంటసేపు ఆపకుండా ఇంగ్లిష్‌లోనే వాదించింది. ఉద్యోగం వచ్చేసింది.

మర్నాడు హరిణి మిఠాయి డబ్బా సీతారామయ్యగారి సంచిలో పెట్టబోతే, నానుడుల నిఘంటువు ఒకటి బయటపడింది. పిల్లీ కుక్కల వాన దగ్గర ఎర్ర గీత. 'మూలం కచ్చితంగా తెలియదు' అని ఉంది.

"తెలిసే మూడు నెలలు అబద్ధాలు చెప్పిన్రా సార్?"

"నిజం చెబితే 'అవును సార్' అని ఊరుకునేదానివి తల్లీ. అబద్ధమైతేనే కదా పోట్లాటకొస్తావు!"

హరిణి కళ్లు తుడుచుకుని, "యూ ఆర్ ఎ వెరీ బ్యాడ్ మ్యాన్!" అంటూ నవ్వుతూ బస్సెక్కింది. నాకూ ఆయన మీద భలే ప్రేమ పుట్టుకొచ్చింది. నేనూ బస్సెక్కబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"తేలికైన పనిని పీస్ ఆఫ్ కేక్ అంటారు కదా, అది ఎక్కడ పుట్టిందో తెలుసా? మన నాచారం బేకరీలోనే..."

"అబద్ధం!" అన్నాను.

"తెలుగులో చెల్లదు," అన్నారు.