కర్త ఎవరో చెప్పండి!

అందరికీ కోపం ముక్కు మీద ఉంటే మా పిన్నికి క్రియ మీద ఉంటుంది. కర్తకీ క్రియకీ పొత్తు కుదరకపోతే ఆవిడ ఒళ్ళు మండిపోతుంది. సాయంత్రం బడిలో ఆవిడ ఫ్రెంచి చెబుతుంది, నేను ఆఫీసులో కూర్చుంటాను. మధ్యలో ఒకే గోడ. ఆ గోడకి చెవులున్నాయో లేదోగాని, నా చెవులకి మాత్రం చిల్లులు పడ్డాయి.

"గుంపులో కాళ్ళు లెక్కెట్టమన్నానా? గుంపులెన్ని?"

"ఒకటే మేడమ్."

"మరి క్రియకి బహువచనమేం రోగం?"

ఇంట్లోనూ అంతే. ఓసారి బాబాయి, "బంధువర్గం వచ్చారే!" అని కేకేశాడు. "వర్గం వచ్చింది! వచ్చింది!" అని అరుస్తూ పిన్ని గుమ్మంలోకి దూసుకొచ్చింది. చెప్పులు విప్పుతున్న పిన్ని పెద్దత్తగారు మళ్ళీ తొడుక్కుంది.

ఫ్రెంచిలో ఇంకో తిరకాసుంది. ఉత్త 'గుంపు' అయితే క్రియ ఏకవచనమే, 'విద్యార్థుల గుంపు' అంటే మాత్రం ఏకవచనమైనా బహువచనమైనా చెల్లుతుంది. నువ్వు గుంపుని చూస్తున్నావా, మనుషుల్ని చూస్తున్నావా అన్నదే లెక్క. ఏది రాసినా ఒప్పే కదా అని క్లాసు సంబరపడితే, "ఎవర్ని చూసి రాశావ్?" అని పిన్ని ఇంకా ఎక్కువ తిట్టేది.

ఆ క్లాసులో బట్టలు కుట్టే ఒకావిడ ఉండేది. నత్తి. ఒక్క వాక్యం గట్టెక్కేసరికి పక్కవాళ్ళు ఆవలించేవారు. పిన్ని ఆమెనీ అందరితో సమానంగానే తిట్టేది.

ఒకరోజు మేనేజరు పిన్నిని ఆఫీసులోకి పిలిచాడు. "విద్యార్థుల గుంపొకటి ఫిర్యాదు చేసింది మేడమ్. ఆ కుట్టుపనావిడవల్ల పాఠం సాగట్లేదట. మానిపించేద్దాం."

ఫీజు కట్టడానికొచ్చి నా బల్ల ముందు నిలబడ్డ కుట్టుపనావిడ అంతా విని, సంచీ భుజానికి తగిలించుకుంది.

"చేసిందా, చేశారా?" అంది పిన్ని.

"ఏదైతేనేం?"

"చేసింది అంటే ఆ గుంపుకి నోరెక్కడుందో చూపించు! చేశారు అంటే మనుషుల్ని చూపించు!"

మేనేజర్ని వెంటబెట్టుకుని క్లాసులోకి విసురుగా వెళ్ళింది. "ఫిర్యాదు చేసినవాళ్ళు లేవండి!"

తలలన్నీ పుస్తకాల్లోకి దూరాయి. చివరికి వెనక వరసలో బ్యాంకు ఉద్యోగి లేచాడు. అతని మొహం చూసి పక్కనున్న స్నేహితుడూ లేచాడు.

"ఇద్దరా! ఇద్దరికి గుంపెందుకయ్యా? ద్వివచనం సంస్కృతంలో ఉంది, పోయి అక్కడ చేరండి!"

క్లాసు గొల్లుమంది. మేనేజరు చెమట తుడుచుకుంటూ, "పాఠం కానివ్వండి మేడమ్" అని తప్పుకున్నాడు.

ఇంటికెళ్తూ దారిలో అడిగాను. "ఆవిడ మీద జాలేసింది కదూ పిన్నీ?"

"జాలేంటి, నీ మొహం! కర్త లేని వాక్యం చెబితే ఒళ్ళు మండదూ?"

మర్నాడు పిన్ని కుట్టుపనావిడ కుర్చీని తనే ముందు వరసకి ఈడ్చుకొచ్చింది.

"ఎందుకు పిన్నీ?" అన్నాను.

"వెనక కూర్చుంటే నా తిట్లు ఆవిడకి సరిగ్గా వినపడట్లేదు!"