ఆడిస్తే మారే రంగు

కాదు, లాప్‌టాప్ వల్ల కాదు. మామ గుండె ముందే బాగలేదు. చీరల మూట ఎత్తొద్దని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. దాని వల్లనేనా అని నన్నెవరూ అడగలేదు. అయినా ఇంటికి వచ్చినవాళ్ళంతా మూలన ఉన్న ఆ నల్ల బ్యాగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తున్నారు. అందుకే చెప్తున్నాను. పోయిన వారం ధర్మవరం స్టేషన్ మెట్ల మీద మామ కూర్చుండిపోయాడు. ఇక లేవలేదు.

మామ అంటే మా అమ్మకు అన్న. మగ్గాలున్న ఇళ్ళ నుంచి పట్టుచీరలు తీసుకుని, తెల్లగుడ్డలో మూట కట్టి, రైల్లో పెనుకొండకూ హిందూపురానికీ తీసుకెళ్ళి ఇళ్ళలో, అంగళ్ళలో అమ్మేవాడు. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ నేను మామ ఇంట్లోనే ఉన్నాను. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదు. అంగళ్ళవాళ్ళకు సెల్లులో మెసేజిలు పెట్టడం నా పని, మాట్లాడటం మామ పని. "నా నోరు, నీ వేళ్ళు. ఇంగేం గావల్ల రా మనకు?" అనేవాడు. ఇది కూడా సెల్లులోనే కొంచెం కొంచెంగా టైపు చేస్తున్నాను. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. నాలుగు మాటలు రాస్తాను, లేచి వాకిట్లోకి పోతాను, మళ్ళీ వస్తాను.

మామ చీర చూపించే పద్ధతి వేరు. మడత విప్పి కిందపెట్టి ఊరుకోడు. కొంగు మూలను రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురులో మెల్లగా అటూ ఇటూ ఆడిస్తాడు. మా ఊరి చీరలో నిలువు పోగు పడుగు ఒక రంగు, అడ్డం పోగు పేక ఒక రంగు. ఇటు చూస్తే వంకాయరంగు, అటు చూస్తే ఎరుపు. "చీరను నిలబెట్టి చూడగూడదమ్మా, ఆడించి చూడల్ల" అని ప్రతి ఇంట్లోనూ చెప్పేవాడు.

డాక్టరు మాట తర్వాత ఇంట్లో రోజూ గొడవే. మూట మానేస్తే ఏం తినాలి? మూట ఎత్తితే మామ ఏమవుతాడు? ఆ రోజుల్లోనే హిందూపురంలో ఒక కొత్త కంప్యూటర్ల అంగడి ముందు పోస్టరు చూశాం. సూటు వేసుకున్న ఒకాయన ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని నవ్వుతున్నాడు. 'మీ అంగడి మీ ఒళ్ళో' అని పెద్ద అక్షరాలు. మామ చాలాసేపు చూశాడు.

"ఈయప్ప పక్కన మూట లేదు చూడు రా" అన్నాడు.

లోపలికి పోయాం. అమ్మే అబ్బాయి చాలా హుషారుగా ఉన్నాడు.

"ఏమప్పా, దీంట్లో చీరలు పడ్తాయా?"

"ఒకటీ రెండూ ఏంది సార్, వేలకు వేలు పడ్తాయి. లక్షల రంగులు చూపిస్తాది. ఒకసారి చార్జింగు పెడితే పొద్దంతా వస్తాది."

"అన్ని చీరలు పెడితే బరువు పెరగదా?"

"ఎన్ని పెట్టినా బరువు పెరగదు సార్."

మామ నా వైపు తిరిగి, "ఆ ఒక్క మాటకే కొంటాండా" అన్నాడు.

పొద్దున ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు సెల్లుతో ఫోటోలు తీసి లాప్‌టాప్‌లో పెట్టేవాళ్ళం. మామ కొంగు పట్టుకునేవాడు, నేను తీసేవాణ్ణి. ప్రతి ఫోటోలోనూ ఒక మూల ఆయన రెండు వేళ్ళు పడేవి.

"చీర తీయమంటే నీ వేళ్ళు తీస్తాండాడు వాడు" అని అత్త నవ్వేది.

"ఉండనీలే. చేయి కనపడకుంటే, చీర ఎవరిస్తాండారో వాళ్ళకెట్ల తెలుస్తాది?"

మొదటిరోజు మామ లాప్‌టాప్ మూత కొంచెం వెనక్కి వంచాడు. తెర మీద వంకాయరంగు చీర పచ్చగా మెరిసింది. ముందుకు వంచితే మళ్ళీ వంకాయరంగు. మామ కేక పెట్టాడు.

"అల్లుడా, ఆడిస్తే రంగు మారతాంది రా! ఇది పట్టు మాదిరే ఉండాది!"

అత్తను పిలిచాడు, పక్కింటివాళ్ళను పిలిచాడు. పోస్టరు మీద ఈ గొప్ప ఎందుకు రాయలేదని ఆశ్చర్యపోయాడు. చవక తెర ఏదైనా వంచి చూస్తే అట్లాగే కనబడుతుందని మాకు తెలియదు. తెలిసినవాడు మా వీధిలో ఎవడూ లేడు.

పెనుకొండలో ఒక టీచరమ్మ కూతురి పెళ్ళికి చీర అడిగింది. మామ మూట లేకుండా, నన్నూ లాప్‌టాప్‌నూ తీసుకుని బయలుదేరాడు. ఆమె ముందు మూత తెరిచి, కొంగు ఆడించినట్టే తెరను ఆడించాడు. "ఆ రంగే అన్నా! పచ్చగా మెరిసే ఆ రంగే!" అంది టీచరమ్మ.

ఆ సాయంత్రం పెనుకొండ స్టేషన్‌లో మామను మీరు చూసుంటే బాగుండేది. బ్యాగు నా భుజానికి తగిలించి, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు చేతులు ఊపుకుంటూ నడిచాడు. ఊరికే నడిచాడు. చెనక్కాయలు కొన్నాడు.

"ఏం మామా, ఒకచోట నిలబడలేవా?" అన్నాను.

"చేతులు ఖాళీగుంటే ఇంత బాగుంటాదని నాకేం తెలుసు రా!"

ఆ మనిషిని తలుచుకున్నప్పుడల్లా పోస్టరు అబద్ధమని అనలేకపోతున్నాను.

చీర ఇవ్వడానికి పోయినప్పుడు టీచరమ్మ ముఖం మారిపోయింది. "ఇది కాదు కదన్నా. పచ్చగా మెరిసేది చూపిచ్చినావు" అంది. మామ చీరను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ఆడించాడు. వంకాయరంగు, ఎరుపు. మళ్ళీ ఆడించాడు. పచ్చ లేదు. అంతవరకూ నాకు కూడా అందులో ఎక్కడో పచ్చ ఉందనే అనిపించేది. చీర మడిచి, ఆమెకు దండం పెట్టి వచ్చేశాడు.

రైల్లో నేనే కోప్పడ్డాను. "లక్షల రంగులన్నాడు కదా వాడు!"

"మన చీరలో లేని రంగు కూడా చూపిచ్చింది. లక్షలుండేది నిజమే లే రా" అన్నాడు మామ. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

తర్వాత హిందూపురంలో ఒక సావుకారు అంగడికి పోయాం. దుమ్ము పడకూడదని మామ లాప్‌టాప్‌ను చీరలాగే తెల్లగుడ్డలో నాలుగు మడతలు చుట్టేవాడు. మూత వేస్తే అదే నిద్రపోతుందని అంగడి అబ్బాయి చెప్పాడు. అది నిద్రపోలేదు. గుడ్డ విప్పేసరికి జ్వరం వచ్చిన బిడ్డ ఒళ్ళులా కాలుతోంది. బ్యాటరీ అయిపోయింది. తెర నల్లగా ఉంది.

"ఏమబ్బా, అద్దం తెచ్చినావా మాకు?" అని సావుకారు నవ్వాడు. "పట్టు ముట్టుకోకుండా దుడ్లు ఎవరిస్తారప్పా? మూట యాడ?"

మర్నాడు మామ మూట కట్టాడు. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"బరువు పెరగదన్నావు కదా! ఇప్పుడు మూట, దాని మీద ఇది కూడానా?"

"మూట ముట్టుకునే వాళ్ళకు, ఇది చూసే వాళ్ళకు. అలవాటయ్యే దాకా రెండూ మోయల్ల. నువ్వు జరుగు."

మూట నాకిమ్మంటే ఇచ్చేవాడు కాదు. నేను మోస్తే చీరలు నలుగుతాయట. బ్యాగు కూడా ఇవ్వడం మానేశాడు. అయినా దాన్ని ఒక్కరోజూ తిట్టలేదు. గుడ్డ మాత్రం రెండు మడతలకు తగ్గించాడు.

పోయిన వారం ఆ రోజు స్టేషన్‌లో నేను టికెట్టు కోసం ముందు వెళ్ళాను. వెనక్కి వచ్చేసరికి మామ మెట్ల మీద ఉన్నాడు. మూటను పక్కన మెట్టు మీద సరిగ్గా నిలబెట్టుకున్నాడు. లాప్‌టాప్ ఒళ్ళో ఉంది. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.

నిన్న పక్కింటాయన వచ్చి, "నేనూ ఒగటి కొనల్లనుకుంటాండా. చెప్పినంత పని చేస్తాదా అది?" అని అడిగాడు. చేస్తుందంటే అత్త వింటుంది. చేయదంటే పెనుకొండ ప్లాట్‌ఫారం గుర్తొస్తుంది. లేచి లోపలికి వచ్చేశాను.

లాప్‌టాప్‌కు చార్జింగు పెట్టి తెరుస్తున్నాను, మూస్తున్నాను. వంకాయరంగు చీర ఫోటోలో మూలన మామ రెండు వేళ్ళు కొంగు పట్టుకుని ఉన్నాయి. మూత వెనక్కి వంచితే వేళ్ళు నల్లబడి, చీరలో కలిసిపోతున్నాయి. ముందుకు వంచితే తెల్లగా పాలిపోతున్నాయి. మామ వేళ్ళు ఈ రెండు రంగులూ కావు. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపితే అచ్చం ఆయన చెయ్యిలా కనబడుతుంది. నేను వదిలితే మూత మెల్లగా వెనక్కి వాలిపోతుంది. దాన్ని ఎక్కడ ఆపి ఉంచాలో మీలో ఎవరికైనా తెలుసా?